ఈ ఫోన్ ఎన్నేళ్లు నడుస్తుంది? కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాది ఫోన్లు బాగుచేసే పని. కొత్త ఫోన్ల గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా పెట్టె విప్పిన మొదటి వారం సంగతులు చెబుతారు. నా బల్ల మీదికి వచ్చేవి రెండో ఏడు, మూడో ఏడు నడుస్తున్న ఫోన్లు. ఫోన్ ఎక్కడ నీరసపడుతుందో, ఎక్కడ పగులుతుందో, "ఇక దీన్ని వదిలేద్దాం" అని మనిషి ఎప్పుడు అనుకుంటాడో అక్కడే తెలుస్తుంది. ఈరోజు నేను చెప్పేదంతా అటువైపు నుంచి చూసి చెప్పేదే.

"ఏ ఫోన్ కొనమంటారు?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నేను వెంటనే మోడల్ పేరు చెప్పను. ఎవరికోసం అని అడుగుతాను, ఎన్నేళ్లు వాడదామనుకుంటున్నారని అడుగుతాను. మొదటిదానికి జవాబు టక్కున వస్తుంది. రెండోదాని దగ్గర ఆగిపోతారు. ఆ లెక్క వేసుకుని వచ్చేవాళ్లు బాగా తక్కువ. నన్నడిగితే ఫోన్ ఎంచుకోవడంలో సగం పని ఆ లెక్కే.

ఒక ఫోన్ ధర 100 అనుకోండి. రెండేళ్లకే మార్చాల్సి వచ్చింది, ఏడాదికి 50 పడింది. ఇంకో ఫోన్ 150, అది ఐదేళ్లు నడిచింది, ఏడాదికి 30 పడింది. కొనేరోజు ఖరీదుగా కనిపించిందే చివరికి చవక పడింది. మరి చేతిలో 100కి మించి లేనివాళ్ల సంగతేమిటంటారా? దానికీ దారి ఉంది, కాసేపట్లో వస్తాను.

అసలు జనం ఫోన్ ఎందుకు వదిలేస్తారు? ప్రాసెసర్ చాలట్లేదని వచ్చేవాళ్లు నాకు అరుదుగా తగులుతారు. స్టోరేజ్ నిండిపోయింది అంటారు. చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతోంది అంటారు. బ్యాంకు యాప్ ఈ ఫోన్‌లో పనిచేయదని చూపిస్తోంది అంటారు. లేదా డిస్‌ప్లే పగిలింది, మార్చడానికయ్యే ఖర్చు విని కొత్తదే కొనుక్కుంటామంటారు. దాదాపు అందరి కథా ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో రాసేవి మాత్రం వేరే సంగతులు.

అందరూ ఒకసారి మీ ఫోన్లు బయటికి తీయండి. ఆండ్రాయిడ్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అబౌట్ ఫోన్ తెరిచి, ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కండి. అక్కడ సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ ఉంటుంది. కొన్ని ఫోన్లలో ఆ తేదీ అబౌట్ ఫోన్‌లోనే కనిపిస్తుంది. చూశారా? ఈ మధ్య నెలల్లోది అయితే మీ ఫోన్‌ని కంపెనీ ఇంకా పట్టించుకుంటోందని అర్థం. ఏడాది దాటిందంటే దాదాపుగా వదిలేసిందని అర్థం. పైకి ఫోన్ చక్కగానే ఉంటుంది, పాటలు వస్తాయి, ఫొటోలు వస్తాయి. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకి దాంట్లో అతుకు పడదు. మెల్లగా ఒక్కో యాప్ "మీ వెర్షన్ పాతది" అనడం మొదలుపెడుతుంది. డబ్బు లావాదేవీలన్నీ ఫోన్‌లోనే చేసుకునే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి కొనేముందు, ఈ మోడల్‌కి ఎన్నేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారో కంపెనీ సైట్‌లో చూడండి. ఈ విషయంలో ఈమధ్య మంచి మార్పే వచ్చింది. గూగుల్ 2023లో తెచ్చిన పిక్సెల్ 8కి ఏడేళ్లు ఇస్తామని చెప్పింది. శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో అదే మాట ఇచ్చింది. ఆపిల్ ముందు నుంచీ ఎక్కువకాలమే ఇస్తోంది. 2015లో ఐఓఎస్ 9తో (ఐఓఎస్ అంటే ఐఫోన్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కి 2021లో వచ్చిన ఐఓఎస్ 15 కూడా అందింది. ఐరోపా సమాఖ్య అయితే 2025 జూన్ 20 నుంచి దీన్ని చట్టంలోకే తెచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆగిపోయిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు దానికి ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు అందుబాటులో ఉండాలంటుంది ఆ నిబంధన.

ఇక్కడ చాలామందికి తట్టని ఒక మెలిక ఉంది. కంపెనీ చెప్పే సంవత్సరాలు మామూలుగా ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. మీరు కొన్న రోజు నుంచి కాదు. నాలుగేళ్ల హామీ ఉన్న ఫోన్‌ని, అది వచ్చిన రెండేళ్ల తర్వాత డిస్కౌంట్‌లో కొంటే మీకు దక్కేది రెండేళ్లే. తగ్గింపు చూసి సంతోషపడే ముందు ఆ మోడల్ ఎప్పుడు వచ్చిందో ఒకసారి చూసుకోండి. తక్కువ ధర ఫోన్లలో అప్‌డేట్ల హామీ రెండు, మూడేళ్లే ఉండొచ్చు, అసలు చెప్పకపోనూ వచ్చు. ఒకే ధరలో రెండు ఫోన్ల మధ్య ఊగుతుంటే నేనైతే కెమెరా పక్కనపెట్టి అప్‌డేట్లు ఎక్కువున్నదే తీసుకుంటాను.

స్టోరేజ్ దగ్గరికి వద్దాం. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది ఇబ్బంది పడుతున్నారు.

పెట్టె మీద 64 జీబీ అని ఉంటుంది. అందులో ఆపరేటింగ్ సిస్టమ్, ముందే వేసి ఇచ్చిన యాప్‌లు కొంత తినేస్తాయి. మిగిలినదాంట్లో వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే వీడియోలు, పండగ శుభాకాంక్షలు, ఒకే ఫొటో నాలుగు గ్రూపుల్లో నాలుగుసార్లు చేరతాయి. కొన్నాళ్లకి స్పేస్ లేదనే నోటిఫికేషన్ రావడం మొదలవుతుంది. అప్పుడు ఫోన్ హ్యాంగ్ అవుతోందని నా దగ్గరికి తెస్తారు. తెరిచి చూస్తే ఒకటో రెండో జీబీ మాత్రమే ఖాళీ ఉంటుంది. ఫోన్లలో ఉండే స్టోరేజ్ దాదాపు నిండిపోయినప్పుడు కొత్తది రాయాలంటే ముందు పాతవాటిని అటూఇటూ సర్దుకుని చోటు చేసుకోవాలి. అందుకే ఫోన్ మొత్తం ఈడుస్తుంది. ఆ ఫోన్‌లో పది, పదిహేను జీబీ ఖాళీ చేసి ఇస్తే "కొత్తదానిలా అయింది" అంటారు.

అందుకని నా మాట ఇది. ఇప్పుడు కొనేవాళ్లు 128 జీబీకి తగ్గకండి. వీడియోలు తీసే అలవాటుంటే 256 మంచిది. మెమరీ కార్డు వేసుకోవచ్చు కదా అంటారు. ఫొటోలకి, సినిమాలకి అది పనికొస్తుంది, యాప్‌లకి అంతగా ఉపయోగపడదు. పైగా అసలు కార్డు స్లాటే లేని ఫోన్లు ఎన్నో వస్తున్నాయి, అదీ చూసుకోండి.

ఎన్ని జీబీ అన్నది ఒకటైతే, ఏ రకం అన్నది ఇంకొకటి. చవక ఫోన్లలో ఈఎంఎంసీ అనే రకం స్టోరేజ్ వేస్తారు. కాస్త పైవాటిలో యూఎఫ్ఎస్ ఉంటుంది. ఈఎంఎంసీ ఒకసారికి చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. వెనకాల యాప్ అప్‌డేట్ అవుతుండగా మీరు కెమెరా తెరిచారనుకోండి, ఆ తేడా అప్పుడు చేతికి తెలుస్తుంది. ఈ వివరం పెట్టె మీద లేకపోయినా సైట్లో స్పెసిఫికేషన్స్ పేజీలో వెతికితే తరచూ దొరుకుతుంది. తక్కువ బడ్జెట్‌లో రెండు ఫోన్లు సమానంగా కనిపిస్తే యూఎఫ్ఎస్ ఉన్నది తీసుకోండి.

ర్యామ్ గురించి ఒక్క మాట. తెరిచి ఉన్న యాప్‌లు నడవడానికి ఫోన్ వాడుకునే తాత్కాలిక మెమరీ అది. "8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ ర్యామ్" అని రాస్తుంటారు. రెండో 8 ర్యామ్ కాదు. మీ స్టోరేజ్‌లోంచే ఒక ముక్క తీసి ర్యామ్‌లాగా వాడతారు. స్టోరేజ్ వేగం ర్యామ్ వేగానికి ఏమాత్రం సాటిరాదు, కాబట్టి ప్లస్ గుర్తుకి ముందున్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. మామూలు వాడకానికి 6 సరిపోతుంది, ఐదేళ్లు వాడాలనుకుంటే 8 ఉండాలి. ఐఫోన్లకి ఈ లెక్క పెట్టకండి, వాటి పద్ధతి వేరు, తక్కువ ర్యామ్‌తోనే సాఫీగా నడుస్తాయి.

ఇప్పుడు కెమెరా. ఎక్కువమంది అంకె చూసి మోసపోయేది ఇక్కడే. 50 మెగాపిక్సెల్, 108, 200 అంటారు. మీరు మామూలుగా క్లిక్ చేస్తే 50 మెగాపిక్సెల్ కెమెరా నాలుగేసి పిక్సెళ్లని ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. 108 ఉన్నది ఎక్కువగా తొమ్మిదేసి కలిపి 12 ఇస్తుంది. 200 ఉన్నది పదహారేసి కలిపి మళ్లీ ఆ పన్నెండున్నరే ఇస్తుంది. అలా చేయడంలో తప్పేమీ లేదు, తక్కువ వెలుతురులో ఫొటో బాగా రావాలనే చేస్తారు. కానీ ఫొటో నాణ్యతని తేల్చేవి సెన్సార్ సైజు, లెన్సు, ఆ ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్. వెనకాల మూడు కెమెరాలున్నాయని మురిసిపోకుండా అవేమిటో చూడండి. వాటిలో ఒకటి 2 మెగాపిక్సెల్ మ్యాక్రో (బాగా దగ్గరి వస్తువుల్ని తీసేది), ఇంకొకటి 2 మెగాపిక్సెల్ డెప్త్ (దూరం అంచనా వేసేది) అయితే, మీకు దక్కింది పనికొచ్చే కెమెరా ఒక్కటే.

షోరూమ్‌లో కెమెరా ఎలా పరీక్షించాలో చెబుతాను. అక్కడ లైట్లు బాగా వెలుగుతుంటాయి, ఆ వెలుగులో ఏ ఫోన్ అయినా మంచి ఫొటోనే తీస్తుంది. మీరు కౌంటర్ కింద నీడలోకి ఫోన్ తిప్పండి. తోడు వచ్చినవాళ్లని చెయ్యి ఊపుతూ ఉండమనండి. అప్పుడు తీయండి. తర్వాత ఆ ఫొటోని పెద్దది చేసి వేళ్ల అంచులు చూడండి, జుట్టు చూడండి. వేళ్లు పొగలా సాగిపోయాయా, జుట్టు విడివిడిగా కనిపిస్తోందా, నల్లటి ముద్దలా ఉందా? ఇంట్లో పరుగెత్తే పసిపిల్లలు ఉన్నవాళ్లకి ఈ ఒక్క పరీక్ష చాలు. ఇక వీడియో తీసేవాళ్లు ఓఐఎస్ ఉందో లేదో తప్పక అడగండి. చేతి వణుకుకి తగ్గట్టు లెన్సో సెన్సారో తనే కదిలి సర్దుకునే ఏర్పాటు అది. నడుస్తూ వీడియో తీసినా, రాత్రిపూట ఫొటో తీసినా దాని విలువ తెలుస్తుంది.

బ్యాటరీ సంగతి. బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత ఎంఏహెచ్. 5000 ఎంఏహెచ్ ఇప్పుడు మామూలైపోయింది, ఆ అంకె దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఏ లిథియం బ్యాటరీ అయినా చార్జ్ చేసేకొద్దీ అరుగుతుంది. ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్ల బ్యాటరీలు 500 పూర్తి చార్జింగులకి 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారుచేశామని, ఐఫోన్ 15 నుంచి అది 1000 అని ఆపిల్ చెబుతుంది. ఐరోపా కొత్త నిబంధన ప్రకారం 800 చార్జింగుల తర్వాత కనీసం 80 శాతం ఉండాలి. అంటే రెండు, మూడేళ్లకి ఒకసారి బ్యాటరీ మార్చుకోవడం సహజం. దానికే ఫోన్ పారేయాల్సిన పనిలేదు. బ్యాటరీని అన్నిటికన్నా త్వరగా తినేది వేడి. చార్జింగ్‌లో పెట్టి గేమ్ ఆడడం, దిండు కింద పెట్టి చార్జ్ చేయడం, ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం మానేయండి. వెనక మూత కాస్త పైకి లేచినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ రోజే వాడడం ఆపి మార్పించండి, వేలితో నొక్కి లోపలికి సర్దే ప్రయత్నం మాత్రం చేయకండి.

ఫోన్ దుమ్ముని, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీ. ఐపీ68 అని ఉంటే నీళ్లలో ముంచొచ్చని అనుకుంటారు. ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట. ఐపీ68 అంటే అంతకన్నా ఎక్కువ, ఎంతో కంపెనీ చెప్పాలి. ఇవన్నీ కొత్త ఫోన్ మీద చేసే పరీక్షలు. ఒకసారి కిందపడి ఫ్రేమ్ వంగినా, ఒకసారి విప్పి బాగుచేసినా ఆ సీలు మునుపటిలా ఉండదు. నీళ్లు లోపలికి వెళితే వారంటీ సాధారణంగా వర్తించదు. ఐపీ గుర్తుని పొరపాటున తడిస్తే కాపాడే రక్షణగానే చూడండి.

ఇక మనుషుల్ని బట్టి చెబుతాను.

పెద్దవాళ్లకి ఫోన్ కొనేటప్పుడు పిల్లలు చేసే పని, తాము వాడి పక్కన పెట్టిన పాత ఫోన్ ఇవ్వడం. దానికి అప్‌డేట్లు వస్తుంటే మంచిదే. ఆగిపోయి ఉంటే మాత్రం వద్దు. మోసగాళ్లు ఎక్కువగా గురిపెట్టేది వాళ్లనే, వాళ్ల చేతికి రక్షణ లేని ఫోన్ ఇవ్వకూడదు. రెండోది, ఫింగర్‌ప్రింట్. వయసు మీదపడ్డాక, ఏళ్ల తరబడి కాయకష్టం చేశాక వేలిముద్రలు అరిగిపోతాయి, చర్మం పొడిబారుతుంది. డిస్‌ప్లే కింద ఉండే సెన్సార్లు అలాంటి వేళ్లని తరచూ గుర్తుపట్టవు. పక్క బటన్ మీద సెన్సార్ ఉన్నది కాస్త నయం. కొనేముందు వాళ్ల వేలితోనే పెట్టించి చూడండి. స్పీకర్ శబ్దం, కాల్ వచ్చినప్పుడు మాట వినపడే తీరు వాళ్ల చెవికే ఆనించి చూడండి. అక్షరాల సైజు బాగా పెంచి, రోజూ వాడే యాప్ ఒకటి తెరిచి, బటన్లు తెర దాటి బయటికి పోతున్నాయేమో చూడండి. అన్నిటికన్నా ముఖ్యమైనది, వాళ్లకి సందేహం వస్తే ఎవరిని అడుగుతారు? ఆ మనిషి ఏ రకం ఫోన్ వాడుతుంటే పెద్దవాళ్లకీ అదే రకం కొనండి. కుదిరితే అదే కంపెనీది. "కుడిపక్క పైన ఉంటుంది నాన్నా, దాన్ని కిందికి లాగు" అని ఫోన్లో చెప్పాలంటే, చెప్పేవాళ్ల చేతిలోనూ అదే తెర ఉండాలి.

చూపు లేనివాళ్లకి, తక్కువ ఉన్నవాళ్లకి తెర మీదిదంతా చదివి వినిపించే సదుపాయం ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ఓవర్. కొనేముందు దాన్ని ఆన్ చేసి, వాళ్ల భాషలో మాట ఎంత స్పష్టంగా, ఎంత త్వరగా వస్తోందో వాళ్లనే వినమనండి. చవక ఫోన్లలో ఆ మాట వేలికన్నా వెనకబడుతుంది. వాళ్లకి ఫోన్ వేగం అంటే అదే, అక్కడ రాజీ పడకూడదు.

రోజంతా బయట తిరిగి పనిచేసేవాళ్లు, డెలివరీ చేసేవాళ్లు, డ్రైవర్లు ఉంటారు. వాళ్లకి ఎండలో తెర కనపడాలి. తెర వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. ప్రకటనలో ఇన్ని వేల నిట్స్ అని చెప్పేది పీక్, అంటే తెరలో చిన్న భాగంలో కాసేపు వచ్చే వెలుగు. తెర మొత్తానికి ఎండలో ఎంత వస్తుందో విడిగా చూడాలి, లేదా ఫోన్ పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి చూడాలి. తడి చేతితో, చెమట చేతితో టచ్ పనిచేయాలి. రెండు సిమ్‌లు ఉండాలి. వీళ్లు కెమెరా మీద డబ్బు పెట్టనక్కర్లేదు, బ్యాటరీ మీద, మంచి కవర్ మీద పెట్టాలి.

చదువుకునే పిల్లలకి తెర కాస్త పెద్దదిగా ఉంటే మంచిది, పాఠాలు, పీడీఎఫ్‌లు చూసుకోవాలి కాబట్టి. వీడియోలు ఎక్కువ చూసేవాళ్లు వైడ్‌వైన్ ఎల్1 ఉందో లేదో కనుక్కోండి. వైడ్‌వైన్ అంటే ఓటీటీ వీడియోలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు, అందులో ఎల్1 పై స్థాయి, ఎల్3 కింది స్థాయి. ఎల్3 మాత్రమే ఉంటే చాలా ఓటీటీ యాప్‌లు హెచ్‌డీలో రావు, తెర ఎంత మంచిదైనా ప్రయోజనం ఉండదు. గేమ్‌ల కోసమే కొంటున్నవాళ్లు మాత్రం ప్రాసెసర్ చూడాలి. చూసినా, మొదటి ఐదు నిమిషాల వేగం కాకుండా అరగంట ఆడాక వేడెక్కి ఎంత తగ్గుతుందో చెప్పే రివ్యూలు వెతకండి.

ఇప్పుడు చేతిలో 100 మాత్రమే ఉన్నవాళ్ల సంగతి. కొత్త చవక ఫోన్ కన్నా, రెండేళ్ల కిందటి మంచి ఫోన్ సెకండ్ హ్యాండ్‌లోనో రీఫర్బిష్డ్‌లోనో (పరీక్షించి, బాగుచేసి మళ్లీ అమ్మేవాటిలో) తీసుకోవడం చాలాసార్లు తెలివైన పని. ఏడేళ్ల అప్‌డేట్లు ఉన్న మోడల్ మార్కెట్లోకి వచ్చి రెండేళ్లయితే ఇంకా ఐదేళ్లు మిగిలి ఉంటుంది. కానీ జాగ్రత్తలున్నాయి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ డయల్ చేస్తే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు నంబరు వస్తుంది. అది పెట్టె మీదిదానితో, బిల్లు మీదిదానితో సరిపోవాలి. పాత యజమాని గూగుల్ అకౌంటో ఆపిల్ అకౌంటో తీసేశారా అనేది మీ ఎదుటే రీసెట్ చేయించి, మళ్లీ ఆన్ అయ్యాక చూడండి. పాత అకౌంటు పాస్‌వర్డ్ అడిగితే ఆ ఫోన్ ముట్టుకోవద్దు. చార్జర్ పెట్టి వైరుని మెల్లగా అటూఇటూ కదపండి, చార్జింగ్ ఆగి ఆగి వస్తుంటే జాక్ పోయింది. తెల్లటి బొమ్మ ఒకటి తెర నిండా పెట్టి మచ్చలు, గీతలు ఉన్నాయేమో చూడండి. కాల్ చేసి మాట్లాడండి. బ్యాటరీ కొత్తది వేయించే ఖర్చు మీ బడ్జెట్‌లో ముందే కలుపుకోండి.

కొత్తదైనా పాతదైనా, కొనేముందు దాదాపు ఎవరూ అడగని ఒక ప్రశ్న అడగండి. దీని డిస్‌ప్లే మార్చాలంటే ఎంత? ఒరిజినల్ కాంబో దొరుకుతుందా? కాంబో అంటే డిస్‌ప్లే, టచ్ కలిపి ఉండే భాగం. అంచులు వంగిన తెరలు చూడడానికి బాగుంటాయి, కిందపడితే మొదట తగిలేవి ఆ అంచులే, మార్చే ఖర్చూ ఎక్కువే. ఎక్కువ అమ్ముడైన మోడళ్లకి స్పేర్ పార్టులు ఏళ్ల తరబడి దొరుకుతాయి. ఎవరూ కొనని మోడల్ ఎంత మంచిదైనా, రెండేళ్లకి దాని తెర కోసం వెతికినా దొరక్కపోవచ్చు. పనిచేసే మదర్‌బోర్డు, బాగున్న కెమెరా ఉండి కూడా తెర దొరక్క పక్కన పడేసిన ఫోన్లు చూస్తుంటే నాకు మనసు ఒప్పదు.

కొన్నాక రిటర్న్ గడువు లోపలే అన్నీ పరీక్షించండి. మీ ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రంగా వచ్చే మూలలో నిలబడి కాల్ చేయండి. మ్యాప్ పెట్టి కాస్త దూరం వెళ్లిరండి. పాత ఫోన్‌ని మాత్రం వెంటనే ఎవరికీ ఇచ్చేయకండి. లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్‌లు, వాట్సాప్ బ్యాకప్, బ్యాంకు యాప్‌ల రిజిస్ట్రేషన్ అన్నీ కొత్తదాంట్లో పనిచేస్తున్నాయని తేలాక, పాతదాంట్లోంచి మీ అకౌంటు తీసేసి, అప్పుడు రీసెట్ కొట్టండి. రీసెట్ ముందు కొట్టేసి, తర్వాత కోడ్‌లు రావట్లేదని వచ్చేవాళ్లకి నేను చేయగలిగింది చాలా తక్కువ.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇప్పుడు మీ ఫోన్లో తేదీ పాతదిగా కనిపించినవాళ్లు ముందు మాట్లాడండి, మోడల్ పేరు చెబితే దాన్నుంచే మొదలుపెడదాం.